కాళ్లు పట్టుకున్న పాట

2019 సెప్టెంబర్ 28న 'సామజవరగమన' బయటికొచ్చింది. 'అల వైకుంఠపురములో' సినిమా 2020 జనవరి 12న వచ్చింది. మధ్యలో 106 రోజులు. ఈ వ్యాసం నిజానికి ఆ 106 రోజుల గురించి. సినిమా ఇంకా లేని రోజుల్లో ఆ పాట ఏమిటి, వచ్చాక ఏమైంది అన్నదే నన్ను ఇన్నాళ్లుగా సతాయిస్తున్న ప్రశ్న. ఎందుకంటే ఆ రెండూ ఒకే పాట అని నాకు ఇప్పటికీ అనిపించదు.

ముందు ఆ మాట సంగతి చూద్దాం. సా-మ-జ-వ-ర-గ-మ-నా. ఎనిమిది అక్షరాలు. ఒక్క ఒత్తు లేదు, ఒక్క ఇకారం లేదు, ఉకారం లేదు, ఎకారం లేదు. ఎనిమిదింటిలోనూ ఉన్నది అకారమే. మొదటిదీ చివరిదీ దీర్ఘాలు, మధ్యలో ఆరూ హ్రస్వాలు. నోరు ఒకసారి తెరిస్తే ఆ మాట అయిపోయేదాకా మూయక్కర్లేదు, మధ్యలో 'మ', 'వ' దగ్గర పెదాలు కాస్త తాకితే చాలు. పాడేవాడికి ఇంతకంటే ఏం కావాలి? తెలుగు రాని మనిషి కూడా ఒకసారి వింటే తప్పు లేకుండా పలకగలడు. ఈ పాట తెలుగు దాటి వెళ్లడానికి కారణాలు వెతికినవాళ్లు అల్లు అర్జున్ పేరు చెప్పారు, సిద్ శ్రీరామ్ గొంతు చెప్పారు, థమన్ ట్యూన్ చెప్పారు. అన్నీ నిజమే. నేనైతే ఈ ఎనిమిది అకారాలకు ఇంకొంచెం ఎక్కువ మార్కులేస్తాను.

ఆ మాట సిరివెన్నెల సీతారామశాస్త్రి పుట్టించింది కాదని అందరికీ తెలుసు. త్యాగరాజు హిందోళ కీర్తన ఎత్తుకునే మాట అది. సామజం అంటే ఏనుగు. బ్రహ్మ సామం పాడుతుండగా ఏనుగులు పుట్టాయని ఒక పాత కథ, అందుకే ఆ పేరు. మేలుజాతి ఏనుగులాంటి నడక ఉన్నవాడా అని త్యాగరాజు పిలిచింది దేవుణ్ణి, మగవాణ్ణి. సంస్కృతంలో ఆడమనిషిని అదే మాటతో పిలవాలంటే 'గమనే' అనాలి. తెలుగులో ఆ బాధ లేదు. చివరి అచ్చు సాగదీస్తే పిలుపైపోతుంది, ఆడా మగా ఎవరినైనా పిలవొచ్చు. 'శంకరాభరణం'లో 1980లోనే ఈ మాట గుడి గడప దాటి ప్రేమపాటలోకి వచ్చేసింది. వేటూరి రాస్తే బాలసుబ్రహ్మణ్యం, జానకి కలిసి పాడారు. కాబట్టి 2019లో ఎవరో త్యాగరాజుకి అపచారం చేశారన్న మాట నాకు పట్టదు. అపచారమంటూ ఉంటే దానికి అప్పటికే నలభై ఏళ్లు నిండబోతున్నాయి, పైగా దాన్ని మనమందరం క్లాసిక్ అంటున్నాం.

ఇంకో ఏనుగు కూడా ఉంది. సినిమా పేరు పోతన గజేంద్రమోక్షంలోంచి వచ్చింది. బళ్లో బట్టీ పట్టిన పద్యం. మడుగులో మొసలి పట్టుకున్న ఏనుగు మొరపెడితే, ఎక్కడో వైకుంఠంలో ఉన్న విష్ణువు విని, పక్కనున్న లక్ష్మికి కూడా చెప్పకుండా పరిగెత్తుకొస్తాడు. మొర పెట్టింది ఏనుగు, విన్నది దేవుడు. త్రివిక్రమ్ సినిమాలో ఈ పాట దగ్గరికొచ్చేసరికి అది తలకిందులైంది. ఏనుగు నడక ఆమెది, మొర ఇతనిది, ఆమె వినదు. ఇది సిరివెన్నెల కావాలని చేశారో లేదో మనకి అనవసరం. పాటలో ఉంది, అంతే.

ఇప్పుడు అసలు విషయం. పల్లవిలో అతను చెప్పేది సూటిగా ఇదీ: నా కళ్లు నీ కాళ్లు పట్టుకుని వదలనంటున్నాయి, ఆ చూపుల్ని దయ లేకుండా తొక్కుకుంటూ వెళ్లిపోకు.

దీన్ని రెండు రకాలుగా వినొచ్చు. తెలుగులో కాళ్లు పట్టుకోవడం అంటే ఏమిటో ఇక్కడ వివరించనక్కర్లేదు. అప్పు కోసం పట్టుకుంటారు, క్షమించమని పట్టుకుంటారు, బదిలీ ఆపించమని ఎమ్మెల్యేవి పట్టుకుంటారు, పెళ్లిలో అత్తమామల కాళ్లు పట్టుకుంటారు, గుళ్లో దేవుడి కాళ్లు పట్టుకుంటారు. ఆ మాటలో కోరిక ఉండదు, లొంగుబాటు ఉంటుంది. పట్టుకున్నవాడు కింద ఉంటాడు, పట్టించుకున్నవాళ్లు పైన ఉంటారు. సిరివెన్నెల చేసిందల్లా చేతులు చేసే ఆ పనిని కళ్లకి అప్పజెప్పడం. చేతులతో పట్టుకోవడం వేరు, కళ్లతో పట్టుకోవడం వేరు కదా అంటారా? అక్కడికే వస్తున్నా.

మన కావ్యాల్లో వర్ణనకి ఒక మర్యాద ఉంది. దేవుణ్ణి వర్ణిస్తే పాదాల నుంచి మొదలుపెట్టి పైకి వెళ్లాలి. మనుషుల్ని, ముఖ్యంగా నాయికని, తల నుంచి మొదలుపెట్టి కిందికి రావాలి. ప్రబంధ నాయికలు కొప్పుతో మొదలై గోళ్లతో ముగుస్తారు. ఈ పాట ఎటు నడుస్తుందో గమనించండి. పల్లవిలో పాదాలు. చరణంలోకి రాగానే ఆమె కళ్లు, ఆ కళ్లకి కాటుకలా కాపలా కాస్తున్న అతని కలలు. తర్వాత అతని ఊపిరికి ఊగే ముంగురులు. కింది నుంచి పైకి! దేవుళ్ల వరస అది. మధ్యలో ప్రబంధ నాయికల జాబితాలో తప్పనిసరిగా వచ్చే అవయవాలేవీ లేవు. కాళ్ల దగ్గర మొదలైన చూపు మొహం దగ్గరికి వెళ్లిపోయింది. మోకాలి దగ్గర ఆగలేదు.

అంటే కాగితం మీద ఇది నాకు ఒక వేడుకోలు. అందులో కొంత మొండితనమూ ఉంది. నీడై తరుముతాను, గాలై తగులుతాను అనే రకం మాటలు రెండో భాగంలో ఉన్నాయి, వాటిని నేను దాచను. ఇంత బతిమాలినా ఉలకవేం పలకవేం అనే నిష్ఠూరం కూడా ఉంది. తెలుగు ప్రేమపాటలో అబ్బాయిలు ఎప్పుడూ చేసేదే. కానీ చివరికి వచ్చేసరికి అతను అడుగుతున్నది తన మనవి వినమని. 'నువ్వు నాదానివి' అన్న మాట ఎక్కడా లేదు. మన హిట్ పాటల సగటు చూసుకుంటే అది చిన్న విషయం కాదు.

సిరివెన్నెలకి అప్పటికి అరవై నాలుగేళ్లు. 1986లో 'సిరివెన్నెల'తో మొదలుపెట్టి, ఆ పేరే ఇంటిపేరైపోయిన మనిషి. అదే 2019లో పద్మశ్రీ వచ్చింది. ఆ వయసులో, ఆ స్థాయిలో ఉన్న కవి ఒక స్టార్ హీరో సినిమాలో మొదటి పాటకి, 'కాళ్లు', 'కళ్లు' అనే రెండు మాటల మధ్య తేడా ఒక్క దీర్ఘమేనన్న చిన్న సంగతి మీద పల్లవి కట్టాడు. చూస్తే పిల్లాట. కానీ ఆ దీర్ఘం తీసేస్తే పాట లేదు.

ఈ దీర్ఘం దగ్గరే సిద్ శ్రీరామ్ ముచ్చట వస్తుంది. చెన్నైలో పుట్టి కాలిఫోర్నియాలో ఫ్రీమాంట్‌లో పెరిగిన అబ్బాయి. తల్లి దగ్గర కర్ణాటక సంగీతం, తర్వాత బోస్టన్‌లో బెర్క్లీ కాలేజీ. రెహమాన్ 'కడల్'లో పాడించాక తమిళం నుంచి మనకొచ్చాడు. 'సాహసం శ్వాసగా సాగిపో', 'నిన్ను కోరి' దాటి 2018లో 'గీత గోవిందం'లో 'ఇంకేం ఇంకేం ఇంకేం కావాలే' పాడేసరికి ఇంక మన ఇంటి మనిషైపోయాడు. గోపీసుందర్ ట్యూన్‌కి అనంత శ్రీరామ్ రాసిన ఆ పాట కూడా సినిమా కంటే ముందు, జూలైలోనే వచ్చింది. సినిమా వచ్చింది ఆగస్టు 15న. పాట ముందు పెళ్లికూతురిలా నడిచొచ్చి, సినిమా వెనకాల పెట్టె మోసుకుంటూ రావడం అనే ఆనవాయితీకి గట్టి పునాది అక్కడే పడిందనుకుంటా.

అతని తెలుగు గురించి ఫిర్యాదులు నాకు తెలుసు. మాటల్ని మింగేస్తాడు, సగం పలికి సగం గాలిలో వదిలేస్తాడు, లకారాలకీ ళకారాలకీ తేడా చూపించడు. నేను వాదించను. బాలు పాడిన పాటలో అక్షరం అక్షరం విడిగా వినిపించేది, డిక్టేషన్ రాసుకోవచ్చు. సిద్ శ్రీరామ్ పాటని డిక్టేషన్ రాస్తే సున్నా మార్కులొస్తాయి. అయితే ఈ పాటలో అదే పనికొచ్చింది. అతను అచ్చుల్ని ఎంత సాగదీస్తాడంటే, హ్రస్వానికీ దీర్ఘానికీ మధ్య గోడ పల్చబడిపోతుంది. కళ్లు ఎక్కడ అయిపోయాయో కాళ్లు ఎక్కడ మొదలయ్యాయో చెవికి తెలియదు. చూసేదీ చూడబడేదీ కలిసిపోతాయి. కవి ఒక దీర్ఘంతో విడదీసి ఆడుకున్నదాన్ని గాయకుడు మళ్లీ కలిపేశాడు. ఇది ఉచ్చారణ దోషమా, వ్యాఖ్యానమా? రెండూ అని నేనంటాను.

అసలు ఆ గొంతులో ఉన్నది తాపం కాదు, నివేదన. పై స్థాయికి వెళ్లేటప్పుడు అందరు గాయకులూ బలం చూపిస్తారు. ఇతను బలహీనం అవుతాడు, పగిలిపోతాడేమో అనిపిస్తుంది. కచేరీలో కూర్చున్నవాడు రాగం అంచు మీద ఊగినట్టు ఉంటుంది. ఆ గొంతులో కాళ్లు పట్టుకుంటానంటే మనకి గుడే గుర్తొస్తుంది. థమన్ కూడా, అప్పటిదాకా డప్పుల మోత మనిషి అని పేరుపడ్డవాడు, ఇక్కడ వాయిద్యాల్ని గొంతు వెనక నిలబెట్టాడు. లిరికల్ వీడియోలో హీరో లేడు. పాడుతున్న సిద్, చుట్టూ వాయిస్తున్న మనుషులు, కింద తెలుగు అక్షరాలు. ఒకప్పుడు థియేటర్ల బయట పావలాకి, అర్ధరూపాయికి పాటల పుస్తకాలు అమ్మేవాళ్లని అమ్మ చెప్తుంది. సినిమా చూసి, బయటికొచ్చి, కొనుక్కుని, ఇంట్లో చదువుకుంటూ పాడుకునేవాళ్లట. 2016లో జియో వచ్చి డేటా చవకైపోయాక లిరికల్ వీడియో ఆ పాటల పుస్తకమైంది, కాకపోతే సినిమాకి ముందే చేతికొచ్చేస్తుంది. మనం పాటని విన్నాం, చదివాం కూడా. చూడటం ఒక్కటే మిగిలింది.

ఆ రోజుల్లో నేను ఆదిభట్లలో కొత్తగా ఉద్యోగంలో చేరాను. పాట వచ్చిన వారానికి, అక్టోబర్ 5న, ఆర్టీసీ సమ్మె మొదలైంది. దాదాపు 48 వేల మంది కార్మికులు, 52 రోజులు. ఇబ్రహీంపట్నం రూట్లో బస్సుల మీద బతికేవాళ్లకి అది ఎలాంటి కాలమో తెలుసు. ఆఫీసు బస్సు తప్పిపోతే బొంగుళూరు గేటు దాకా ఎవరి బండో ఎక్కడం, అక్కడి నుంచి షేర్ ఆటో, తుర్కయంజాల్ దగ్గర ఇంకో ఆటో, ఎల్బీ నగర్ దాకా మొత్తం ఊళ్లన్నీ లెక్కబెట్టుకుంటూ రావడం. ముగ్గురు కూర్చోవాల్సిన చోట ఏడుగురు. ప్రతి ఆటోలోనూ ఈ పాటే. సమ్మెలో ఉన్నవాళ్ల కష్టాలు వార్తల్లో రోజూ వస్తుంటే, పండగ పూట జీతాల్లేని ఇళ్లు అవి, మా మీద పడుతున్న కష్టం పెద్దదేం కాదు. అయినా అలసట అలసటే కదా. ఆ అలసటలో ఒక మగ గొంతు అంత మెత్తగా బతిమాలుతుంటే వినాలనిపించేది. బతిమాలించుకోవడం మాకు రోజూ దొరికే సౌకర్యం కాదు. పక్కన ఎవరి మోచెయ్యి ఎక్కడ తగులుతోందో చూసుకుంటూ, బ్యాగు ఒళ్లో అడ్డం పెట్టుకుని కూర్చున్న ఆడవాళ్లం నలుగురం ఆ పాటలో ఒక మర్యాదని విన్నాం. కాళ్ల దగ్గరే ఆగిపోయి, తాకకుండా, వినమని అడిగే మనిషి! అతను మాకు అప్పటికి కనిపించలేదు, ఊహలోనే ఉన్నాడు. అందుకే బావున్నాడు.

జనవరి 12న అతను కనిపించాడు.

చూడనివాళ్లు ఎవరూ లేరు కాబట్టి కథ చెప్పను. బంటు ఉద్యోగం కోసం ట్రావెల్ కంపెనీకి వస్తాడు. అమూల్య దాని యజమాని. ఆమె మాట్లాడుతుంటే అతని చూపు ఆమె కాళ్ల మీదే ఉంటుంది. కెమెరా కూడా అతనితో పాటు అక్కడే ఉంటుంది. హాలు నవ్వింది. పాటలో 'కాళ్లు' అన్నది పాదాలా, అంతకంటే పైనా అన్న సందేహాన్ని తెలుగు భాష మనకి తెరిచి ఉంచింది, ఎందుకంటే మనకి రెండింటికీ ఒకే మాట. సినిమా ఆ సందేహం తీర్చేసింది. పొట్టి గౌను వేసి మరీ తీర్చేసింది. పాటలో పాదాల నుంచి మొహానికి నడిచిన చూపు, తెర మీద మొహం నుంచి కాళ్లకి జారి అక్కడే ఉండిపోయింది. వర్ణన వరస మళ్లీ మామూలైపోయింది.

పూజా హెగ్డే బట్టల గురించి నాకే పేచీ లేదు. ఎవరి బట్టలు వాళ్లిష్టం, పైగా ఆ పాత్ర ఒక కంపెనీ నడుపుతున్న మనిషి. నా పేచీ ఆ గది గురించి. అది పార్కు కాదు, కాలేజీ క్యాంటీన్ కాదు. ఆమె యజమాని, అతను ఉద్యోగి. పైన ఉన్నది ఆమె. ఆ ఎత్తుని ఒక్క చూపుతో కిందికి దించడమే ఆ సన్నివేశంలోని జోక్. మా ఉద్యోగాల్లో ఏటా ఒక శిక్షణ ఉంటుంది, 2013 నాటి చట్టం కింద. పని చోట లైంగిక వేధింపులంటే ఏమిటో స్లైడ్లు చూపిస్తారు, చివర్లో పది ప్రశ్నలుంటాయి, ఎనభై శాతం రావాలి. మా బ్యాచ్‌కి ఆ శిక్షణ సరిగ్గా సంక్రాంతి తర్వాత పడింది. అదేపనిగా ఒకరి శరీరాన్ని చూడటం వేధింపేనా అన్న ప్రశ్నకి అందరం అవును అని నొక్కాం. బయటికొస్తుంటే మా టీమ్‌లో ఒకతను ఈలలో ఏం పాట వేశాడో మీరు ఊహించగలరు. పక్కనే ఉన్న నా స్నేహితురాలు "అన్నా, నీకు ఎనభై శాతం వచ్చిందా?" అని అడిగింది. పాపం అతనికి అర్థం కాలేదు. అతను చెడ్డవాడు కాదు, ఆ పాటలో అతను విన్నది కూడా మేం విన్నదే అయ్యుండొచ్చు.

ఇక్కడ ఒక ఎదురువాదం ఉంది, దాన్ని దులిపేసుకోవడం సరికాదు. సినిమా బంటుని చూసి నవ్వుతోంది కదా, అతని వెర్రితనాన్ని చూపిస్తోంది కదా, అమూల్య అతన్ని నిలదీస్తుంది కదా అని. నిజమే, త్రివిక్రమ్ తెలివైన రచయిత, తన హీరోల మీద తనే జోకులేయగలడు. కానీ నవ్వు ఎవరి మీద పడింది అన్నది కెమెరా ఎక్కడ నిలబడింది అన్న దాన్ని బట్టి ఉంటుంది. అతన్ని చూసి నవ్వాలంటే కెమెరా ఆమె వైపు ఉండాలి, ఆ చూపు మన మీదికి రావాలి. ఇక్కడ మనం అతని కళ్లలోంచి చూస్తూ నవ్వాం. ఆ తర్వాత పాట వస్తుంది. అప్పటికి వంద రోజులుగా మనం ప్రేమించిన పాట. అది రాగానే జరిగిందంతా ప్రేమగా మారిపోతుంది. ఆ పని మాటలు చేయలేదు, ట్యూన్ ఒక్కటే చేయలేదు. ఆ గొంతు చేసింది.

సిద్ శ్రీరామ్ గొంతు తెలుగు హీరోకి ముందస్తు బెయిలు. నేరం జరగకముందే మంజూరైపోయి ఉంటుంది. ఇది ఒక్క సినిమా సంగతి కాదు. 'గీత గోవిందం' అంతా బస్సులో జరిగిన ఒక ముద్దు చుట్టూ తిరుగుతుంది. హీరో కావాలని పెట్టలేదు, పొరపాటున జరిగింది, కానీ ఆ అమ్మాయి దృష్టిలో అతను వేధించినవాడు. సినిమా మొత్తం అతను తన మంచితనం నిరూపించుకోవడమే. మనకి మాత్రం నిరూపణ అక్కర్లేదు, అతను పెళ్లి గురించి కలగంటూ ఆ గొంతుతో పాడేశాడు. 2021లో 'పుష్ప' వచ్చింది. చంద్రబోస్ రాసిన 'శ్రీవల్లి' వచ్చేసరికి హీరో ఆమె చూపు కోసం డబ్బులిచ్చే మనిషి. పాట అక్కడా చూపు గురించే. ఆమె తనని చూడట్లేదని అతని బాధ. అక్కడా అదే గొంతు. 'అర్జున్ రెడ్డి' తర్వాత అరిచే ప్రేమికుడితో కొంచెం ఇబ్బంది పడ్డ తెలుగు సినిమా, అదే ప్రేమికుణ్ణి మెత్తటి గొంతులో తిరిగి తెచ్చుకుందా అని నాకు అనుమానం. మనిషి మారలేదు, శ్రుతి తగ్గింది. సిద్ శ్రీరామ్‌ని నేను దీనికి తప్పుపట్టను. చిత్తశుద్ధిగా పాడటమే అతను చేసింది. ఆ చిత్తశుద్ధిని ఎక్కడ అతికించాలో నిర్ణయించుకున్నది వేరేవాళ్లు.

ఈ కథలో నాకు అన్నిటికంటే విచిత్రంగా తోచేది మరొకటి. సినిమా వచ్చిన రెండు నెలలకి, 2020 మార్చి 8న, 'వకీల్ సాబ్' నుంచి 'మగువా మగువా' వచ్చింది. అదే థమన్, అదే సిద్ శ్రీరామ్, రాసింది రామజోగయ్య శాస్త్రి. ఆడవాళ్ల ఓపికకీ సేవకీ దండం పెట్టే పాట. అప్పటి నుంచి ఏ ఆఫీసులో మహిళా దినోత్సవం జరిగినా, గులాబీ పువ్వు, చిన్న కేకు ముక్క, ఈ పాట తప్పనిసరి. నాకు ఈ రెండో పాటంటేనే ఎక్కువ చిరాకు. అది మమ్మల్ని నిజంగానే దేవతల్ని చేసి పీఠం మీద కూర్చోబెట్టి, కిందికి దిగనివ్వదు. 'సామజవరగమన'లో ఆమె కనీసం నడుస్తోంది. ఆగమంటే ఆగట్లేదు. ఎవరో చూపులు పరిచారని అడుగు తీసి అడుగు వేయడం మానలేదు, తొక్కుకుంటూనే పోతోంది. ఆమె పేరు కూడా ఆమె నడకే. మూడు గంటల సినిమాలో ఆ పాత్రకి దొరకని స్వతంత్రం ఆ పల్లవిలో దొరికింది. అందుకే, ఆ సన్నివేశం అంటే ఎంత గిట్టకపోయినా, పాటని వదులుకోను. వదులుకోమన్న స్నేహితులున్నారు. వాళ్ల తర్కంలో లోపం లేదు. నేనే పాటనీ సినిమానీ విడగొట్టి, 106 రోజుల పాటని ఒక వైపు, ఆ తర్వాతి పాటని ఒక వైపు పెట్టుకున్నాను. ఆ మొదటిదానికి కాపీరైటు సిరివెన్నెలదని నాకు నేనే రాసిచ్చుకున్నాను.

మిగతాదంతా గబగబా చెప్పేయొచ్చు. 'రాములో రాములా', 'బుట్టబొమ్మ' ఇంకా పెద్ద హిట్లయ్యాయి. లాక్‌డౌన్ వచ్చింది. సిరివెన్నెల 2021 నవంబర్ 30న పోయారు. 2022 జూలైలో థమన్‌కి ఈ సినిమా పాటలకి జాతీయ అవార్డు ప్రకటించారు. 2023లో ఆ మాట పేరుతో శ్రీవిష్ణు సినిమా ఒకటి వచ్చి హాయిగా నవ్వించింది. త్యాగరాజు కీర్తనతోగానీ ఏనుగుతోగానీ దానికి పనిలేదు, అందరికీ ఇష్టమైన మాట కాబట్టి పెట్టుకున్నారు. ఒక మాట ఇలా అర్థం పోగొట్టుకుని ఇష్టం మాత్రం మిగుల్చుకోవడం చూస్తే నాకు బాధ వేయదు. పాటకి అంతకంటే పెద్ద విజయం ఏముంటుంది?

ఆడగొంతు లేకపోవడం ఒక్కటే లోటు. 'శంకరాభరణం'లో జానకి ఉంది. ఇక్కడ అతనే అడుగుతాడు, అతనే అలుగుతాడు, ఆమె తరఫున మౌనం కూడా అతనే పాడతాడు. దానికి జవాబు నేను ఒక్కసారే విన్నాను. కిందటేడాది మా ఆఫీసు కల్చరల్స్‌లో, ఆదిభట్లలోనే, ఖమ్మం నుంచి కొత్తగా వచ్చిన ఒకమ్మాయి ఈ పాట ఎత్తుకుంది. వెనక ట్రాక్ కూడా సరిగ్గా పలకట్లేదు. మాటలేం మార్చలేదు. ఆడపిల్ల పాడుతుంటే ఆ పిలుపు మళ్లీ మగవాణ్ణి పిలిచే పిలుపైంది, త్యాగరాజు పిలిచినట్టు. అక్షరాలు అవే, సంస్కృత వ్యాకరణం కూడా ఇప్పుడు సరిపోయింది. ఆమె పల్లవి రెండోసారి అందుకుంటూ ముందు వరసలో కూర్చున్న మా మేనేజర్ల వైపు చూసింది. అందరూ క్యాజువల్ ఫ్రైడే షార్టుల్లో, చెప్పుల్లో ఉన్నారు. ఒకాయన మెల్లగా రెండు కాళ్లూ కుర్చీ కిందికి లాక్కున్నాడు.